పచ్చ గడి

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనానికి కూర్చుంటే రెండో ముద్ద గొంతు దిగకముందే గొడవ మొదలయ్యేది. ఆస్తుల గొడవ కాదు, పిల్లల చదువుల గొడవా కాదు. మా ఊరికి కొత్త నెట్‌వర్క్ ఎప్పుడొస్తుందన్న గొడవ.

"మూడేళ్లురా! మూడేళ్లుగా వస్తోంది, వచ్చేస్తోంది అంటున్నారు. కళ్లు కాయలు కాశాయి. పై పేటలో వాళ్లు సినిమా మొత్తం నిమిషంలో దింపేసుకుంటున్నారు. మా కింద పేటలో ఎవరైనా 'హలో' అంటే 'లో' ఒక్కటే వినిపిస్తోంది."

"టవరంటే బీరపాదు కాదక్కా, నీళ్లు పోయగానే పందిరెక్కడానికి. కేబుళ్లు వెయ్యాలి, అనుమతులు రావాలి, కొలతలు తియ్యాలి."

"ఆ కొలతలు తీసేది నువ్వేగా. కారులో పాటలు వింటూ తిరిగితే ఎప్పటికి తెములుతుంది?"

బావకి కళ్లజోళ్ల కొట్టు ఉంది. రోజంతా మనుషుల చేత చిన్న అక్షరాలు చదివించి అలిసిపోయి వచ్చేవాడు. పళ్లెంలోంచి తల ఎత్తకుండానే, "ఇద్దరూ గెలిచారు, అన్నం చల్లారిపోతోంది," అనేవాడు.

నిజానికి నేను కంపెనీ మనిషిని కూడా కాను. సిగ్నల్ కొలిచే పనిని కంపెనీ ఒక కాంట్రాక్టరుకి అప్పగించింది, ఆ కాంట్రాక్టరు దగ్గర కారు తిప్పే కొలతగాణ్ణి. అయినా అక్క ఒక పక్క నిలబడితే అవతలి పక్క నిలబడకపోతే నాకు తిన్నది అరగదు. చిన్నప్పటినుంచీ అంతే. ఆవిడ వర్షం వస్తుందంటే నేను రాదనేవాణ్ణి, తడిసి ఇంటికొచ్చి ఇది మంచు అని వాదించేవాణ్ణి.

నా పని ఇది. కారు వెనక సీట్లో ఒక చట్రానికి నాలుగు ఫోన్లు బిగించి ఉంటాయి. పక్కనే ల్యాప్‌టాప్. కారు వెళ్తుంటే ఫోన్లు సెకనుకొక కొలత తీసి దానికి చెబుతుంటాయి. ఊరి మ్యాపుని గడులుగా కోస్తారు, ఒక్కో గడి అర కిలోమీటరు. ఒక గడిలో తీసిన కొలతల్లో నూటికి తొంభై అయిదు బాగుంటే ఆ గడి పచ్చబడుతుంది. లేకపోతే ఎర్రగా ఉండిపోతుంది. ఊరంతా పచ్చబడిన రోజున కంపెనీ కొత్త నెట్‌వర్క్ వచ్చేసిందని ప్రకటించి, పాతదాన్ని తీసేస్తుంది. మా మేనేజరు నోట్లోంచి పొద్దస్తమానం ఆ అంకె తప్ప ఇంకో మాట రాదు కాబట్టి ఆయన్ని మేమంతా 'తొంభై అయిదు గారు' అనేవాళ్లం.

అక్కకి కొత్త నెట్‌వర్క్ మీద అంత పట్టుదల సినిమాల కోసం కాదు. అక్క నీటి సరఫరా శాఖలో పంపు ఆపరేటరు. ఏటి కట్టకి దిగువన, ఇరవై రెండు మెట్లు కిందికి దిగితే వచ్చే కాంక్రీటు గదిలో ఆవిడ ఉద్యోగం. మూడు మోటార్లు, రెండు నడుస్తుంటే ఒకటి విశ్రాంతి. గంటకోసారి ప్రెషరు మీటరు చూసి పుస్తకంలో రాయాలి, వాల్వులు తిప్పాలి, మోటార్లు మార్చాలి. చెవి ఒగ్గి వింటే చాలు, ఏ మోటారు బేరింగు అరుగుతోందో చెప్పేస్తుంది. ఊరి సగం కుళాయిల్లో నీళ్లు ఆవిడ చేతి చలవే.

కానీ అక్కకి ఫిట్స్ వస్తాయి. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. అందుకని శాఖ వాళ్లు ఆవిడకి ఎప్పుడూ ఒక తోడు మనిషిని పెట్టారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దమనిషి. ఏమీ చెయ్యడు, కుర్చీలో కూర్చుని ఆవిణ్ణి చూస్తుంటాడు. అక్క ఆయనకి 'నీడ గారు' అని పేరు పెట్టింది. పదకొండేళ్లు. అక్క స్టూలెక్కితే "పడతారమ్మా" అంటాడు, దిగితే "పడ్డారనుకున్నానమ్మా" అంటాడు. బాత్రూమ్‌కి వెళ్తే వాచీ చూసుకుంటాడు. మంచివాడే. ఆ మంచితనమే అక్కకి గొంతులో ముల్లయింది.

చివరికి శాఖ ఒక అలారం గడియారం కొనిచ్చింది. చేతికి పెట్టుకున్న మనిషి రెండు నిమిషాలు కదలకుండా పడుంటే అది తనంతట తానే ఫోన్ చేస్తుంది. మొదటి నంబరు నాది. నేను ఎత్తకపోతే బావది, ఆ తరవాత డిప్యూటీ ఇంజనీరుది. ఒకరు ఎత్తితే మిగతావాళ్లకి మోగదు. కొత్త నెట్‌వర్క్ మీద పనిచేసే గడియారమే గానీ, అది దొరక్కపోతే పాతదాన్ని పట్టుకుంటుంది. పంపు గదిలో పరీక్షించినప్పుడల్లా నా ఫోను ఠంచనుగా మోగింది. ఏ నెట్‌వర్క్ మీద మోగిందని ఎవరూ అడగలేదు.

డిప్యూటీ ఇంజనీరు మాత్రం మెలిక పెట్టాడు. "పాత నెట్‌వర్క్ ఎప్పుడు పీకేస్తారో తెలీదమ్మా. మీ పంపు గది కొత్త దాని పరిధిలో ఉందని కంపెనీ రాసిస్తేనే ఒంటరి డ్యూటీ," అన్నాడు. అప్పటినుంచీ అక్కకి కంపెనీ ఆలస్యం సొంత పగయింది. కింద పేటంతా తిరిగి సంతకాలు సేకరించింది. కంపెనీ వాళ్ల మీద ఒత్తిడి పెరిగి, గ్రంథాలయం హాల్లో మీటింగు పెడతామని ఒప్పుకున్నారు.

హాలు కిటకిటలాడింది. నేను కంపెనీ చొక్కా వేసుకుని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. కంపెనీ అధికారి పెద్ద తెర మీద బొమ్మలు చూపిస్తూ ప్రణాళికలు, దశలు అంటూ నీళ్లు నములుతుంటే అక్క లేచింది.

"అయ్యా, దశలు తరవాత. పై పేటకి మొదటి దశలో ఇచ్చారు. మేం ఎన్నో దశ? మా ఊరు మీ లెక్కలో ఉందా, మీ మ్యాపులో మడత కింద పడిపోయిందా?"

హాలంతా గొల్లున నవ్వింది. అధికారి కూడా నవ్వి, "శుభవార్తమ్మా. మీ కింద పేట కూడా పూర్తయింది. ఊరంతా తొంభై అయిదు దాటింది. ఒకటో తారీఖు ఉదయం పాత నెట్‌వర్క్ తీసేస్తున్నాం," అని మ్యాపు తెర మీద వేశాడు.

చప్పట్లు మోగాయి. అక్క వెనక్కి తిరిగి జనం మధ్యలోంచి నన్ను వెతికి పట్టుకుని, పిడికిలి ఎత్తి చూపించింది. ఆవిడ మొహం అలా వెలగడం నేను ఏళ్ల తరబడి చూడలేదు. నేను మాత్రం మ్యాపు చూస్తున్నాను. ఏటి కట్ట దిగువ గడి పచ్చగా ఉంది.

ఆ గడి పచ్చగా ఉండడానికి వీల్లేదు. కట్ట కింది రోడ్డు మీద నేను కారు నడిపింది రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలూ నాలుగు ఫోన్లూ చచ్చిన చేపల్లా తేలాయి. మరి ఎలా పచ్చబడిందా అని ఆలోచిస్తే సమాధానం నా పొట్టలోనే దొరికింది. ఆ గడి ఒక మూలన చిన్న కొండలాంటి గట్టు ఉంది, గట్టు మీద కొత్త టవరు, దాని పక్కనే నీడనిచ్చే గోడ. నాలుగు రోజులపాటు నేను మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసింది అక్కడే. తినేటప్పుడు కొలతలు ఆపాలి. కానీ పూర్తిగా ఆపితే నాలుగు ఫోన్లనీ ఒక్కొక్కటిగా లేపి, మళ్లీ ల్యాప్‌టాప్‌కి కలిపి, అవి ఉన్నచోటు అవి తెలుసుకునేదాకా కాచుక్కూర్చోవాలి. ఇరవై నిమిషాల తతంగం. అందుకని మాలో ఎవరూ ఆపరు, విరామం మీట నొక్కి వదిలేస్తారు. నేనూ నొక్కేవాణ్ణి, గుర్తున్నప్పుడు. గుర్తులేని రోజుల్లో నేను గుర్రుపెడుతుంటే ఫోన్లు టవరు కాళ్ల దగ్గర కూర్చుని సెకనుకొకటి చొప్పున 'బ్రహ్మాండం, బ్రహ్మాండం' అని చెబుతూ పోయాయి. పధ్నాలుగు వేల మంచి కొలతల్లో నూట ఇరవై చెడ్డవి కొట్టుకుపోయాయి. ఆ నివేదిక అడుగున నా సంతకం ఉంది.

మర్నాడు పరీక్ష ఫోను జేబులో వేసుకుని, తమ్ముడు పలకరింపుకొచ్చినట్టు పంపు గదికి వెళ్లాను. పాత నెట్‌వర్క్ రెండు గీతలు. కొత్తది సున్నా. గోడకి ఆనించి చూశాను, మెట్ల దగ్గర చూశాను, సున్నా. మోటార్ల హోరులో అక్క నా చెవి దగ్గరకొచ్చి, "ఏంట్రా, మొహం అలా పెట్టావ్? ఓడిపోయావని బాధా?" అని అరిచి నవ్వింది. కుర్చీలో నీడ గారు కూడా నవ్వాడు.

తొంభై అయిదు గారి దగ్గరికి పరిగెత్తాను.

"సార్, కట్ట దిగువ గడి మళ్లీ కొలవాలి. పొరపాటు జరిగింది."

"ఎవరి పొరపాటు?"

నేను గోడ మీది మ్యాపు వంక చూశాను.

"చూడండి, ఒక గడి విప్పితే ఊరంతా విప్పాలి. ఇంకో మూడు నెలలు. ఇప్పటికే ఆలస్యం ఆలస్యం అని జనం మన చొక్కా పట్టుకుంటున్నారు. అందరికంటే గట్టిగా అరిచింది మీ అక్కగారేనటగా. పొరపాటు ఎవరిదో కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి, విప్పిస్తాను. ఆ సంతకం పెట్టినాయన మాత్రం రేపట్నుంచి ఇక్కడ ఉండడు."

కాగితం తీసుకున్నాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని పన్నెండు రోజులు తిరిగాను. రాయలేదు. ఎందుకు రాయలేదంటే భయం వేసింది, అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. ఒకటో తారీఖు ఉదయం పది గంటలకి పాత నెట్‌వర్క్ పోయింది. చప్పుడు లేదు, మెరుపు లేదు. నా పరీక్ష ఫోనులో రెండు గీతలున్న చోట ఏమీ లేదు.

కంపెనీ ఇచ్చిన కాగితం చూసి డిప్యూటీ ఇంజనీరు నెల రోజుల ప్రయోగానికి ఒప్పుకున్నాడు. వారంలో రెండు రోజులు అక్క ఒంటరిగా, మిగతా రోజులు నీడ గారితో. ఆ రెండు రోజులూ నేను ఏదో ఒక వంక పెట్టి గట్టు మీదికెళ్లి కారులో కూర్చునేవాణ్ణి. అక్కణ్ణించి పంపు గది తలుపు కనబడుతుంది. అక్క పదకొండింటికి టీ ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి పైకి వస్తుంది. ఆవిడ తల కనబడగానే నాకు ఊపిరి ఆడేది, కారు తిప్పుకుని వెళ్లిపోయేవాణ్ణి.

రెండో వారం గురువారం పదకొండు దాటినా తల కనబడలేదు. పది నిమిషాలు ఆగాను. మోటారు మార్చుతోందేమో అనుకున్నాను. పదిహేను నిమిషాలయ్యాక కారు అక్కడే వదిలేసి గట్టు దిగి పరిగెత్తాను.

అక్క రెండో మోటారు పక్కన బోర్లా పడి ఉంది. నుదురు చిట్లి రక్తం కారి ఎండిపోయింది. మొహం నీళ్లు పోయే కాలవ అంచున ఉంది. కాలవలో నీళ్లు ఆవిడ పెదవులకి వేలెడు దిగువన పారుతున్నాయి. ఇంకొంచెం పక్కకి పడి ఉంటే అంతే. చేతికున్న గడియారం బెదిరిన పిట్టలా కొట్టుకుంటోంది. దాని మీద ఎర్ర చుక్క గుండ్రంగా తిరుగుతోంది, కింద 'పంపుతోంది' అన్న మాట. ఎంతసేపట్నుంచి పంపుతోందో. వెల్లకిలా తిప్పి, తల ఒళ్లో పెట్టుకుని, ఆ అదురు భరించలేక రద్దు మీట నొక్కేశాను. అది ఆగిపోయింది.

అక్క కళ్లు తెరిచింది. కాసేపు నన్ను పోల్చుకోలేదు. తరవాత చెయ్యెత్తి గడియారం వంక చూసింది, నా వంక చూసింది.

"మోగిందా?" అంది.

"ఆఁ," అన్నాను.

ఒక్క అక్షరం. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఇంకేం చెబుతాం అని నాకు నేను చెప్పుకున్నాను. ఆవిడ నవ్వింది, ఆ నెత్తుటి మొహంతోనే.

సాయంత్రం ఆసుపత్రికి డిప్యూటీ ఇంజనీరు ఫైలు పట్టుకుని వచ్చాడు. బావ అప్పటికే రెండుసార్లు, "నాకు మోగలేదేంటి?" అన్నాడు. అక్క మంచం మీంచే, "మొదటి నంబరు వాడిదిగా, వాడు ఎత్తాడు. ఎత్తితే ఇంక నీకెందుకు మోగుతుంది?" అని తేల్చేసింది. డిప్యూటీ ఒక ఫారం నా ముందు పెట్టాడు. అలారం అందిన సమయం రాయమన్నాడు. నుదుటికి కట్టుతో అక్క నా వైపే చూస్తోంది. పదకొండూ అయిదు అని రాసి సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు. అదే నాకు ఇప్పటికీ భయం వేసే విషయం.

"అయితే ప్రయోగం నెగ్గినట్టే," అన్నాడు డిప్యూటీ. "తగ్గాక సోమవారం నుంచి ఆరు రోజులూ మీరొక్కరే రావచ్చమ్మా. తోడు మనిషిని పై పేట ట్యాంకుకి మారుస్తున్నాం." నీడ గారు తలుపు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. అక్క ఆయన్ని దగ్గరికి పిలిచి, "ఇంక హాయిగా నిద్రపోండి," అంది.

పది రోజులు నాకు అన్నం సయించలేదు. అక్క డ్యూటీకి వెళ్లబోయే ముందు ఆదివారం, భోజనాలయ్యాక బావ నడుం వాల్చాడు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అక్క వెనక నిలబడి ఉన్నదంతా చెప్పేశాను. నా కునుకు, పచ్చ గడి, సున్నా గీతలు, గట్టు మీద కాపలా, నేను నొక్కిన మీట. ఒక్క ముక్క దాచలేదు.

అక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"అంటే ఆ రోజు నువ్వు రాకపోతే..."

"చచ్చిపోయేదానివి."

తిరిగింది. చెంప ఛెళ్లుమనిపిస్తుందనుకున్నాను, ఆ దెబ్బ కోసమే ఎదురుచూశాను. ఆవిడ తలుపు సందులోంచి బావ పడుకున్న గది వంక చూసి, గొంతు తగ్గించి, "ఎవరికైనా చెప్పావా?" అంది.

"లేదు. రేపు పొద్దున్నే మీ డిప్యూటీకి చెబుతాను."

"చెప్పకు."

"అక్కా, నీకు బుర్ర పనిచేస్తోందా?"

"బాగానే పనిచేస్తోంది. చెబితే ఏమవుతుందో తెలుసా? నీడ గారిని తెచ్చి మళ్లీ ఎదురుగా కూర్చోబెడతారు. లేదంటే నన్నే తీసుకెళ్లి బిల్లుల సెక్షన్‌లో పడేస్తారు. పదకొండేళ్లురా, ఒక మనిషి నేను ఎప్పుడు పడతానా అని చూస్తూ కూర్చుంటే పని చేశాను. ఒంటరిగా చేసింది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పాట పాడుకున్నాను తెలుసా? గట్టిగా. మోటార్లు తప్ప వినేవాడు లేడు."

"పాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"నా ప్రాణమేగా. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మొన్ననే వచ్చిపోయింది, ఇంకో ఆరు నెలలదాకా రాదు. ఈలోపు మీ కంపెనీ వాళ్లు బాగుచెయ్యకపోతారా?"

"వాళ్లా? మూడేళ్లు చూశావుగా వాళ్ల వేగం!"

"అవన్నీ ఓ రోజున అవుతాయిలే. కేబుళ్లు వెయ్యాలి, అనుమతులు రావాలి."

మా జీవితంలో మొదటిసారి పక్షాలు తారుమారయ్యాయి. కంపెనీని నేను తిడుతున్నాను, ఆవిడ వెనకేసుకొస్తోంది. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. అక్క తడి చేత్తో నా ముంజేయి పట్టుకుంది.

"నువ్వు నాకు బాకీరా. ఒకసారి నీ కోసం అబద్ధం చెప్పావు. ఈసారి నా కోసం నోరు మూసుకో."

మూసుకున్నాను. ఒక ఒప్పందం మాత్రం చేసుకున్నాం. ఆవిడ డ్యూటీ ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు. తరవాతి మనిషి సాయంత్రం నాలుగింటికి గానీ రాడు. రెండింటికి కట్ట మీదికి ఎక్కగానే అక్కడ సిగ్నల్ తగులుతుంది కాబట్టి నాకు ఫోన్ చెయ్యాలి. సోమవారం రెండూ రెండుకి చేసింది. "ఉన్నాన్రా," అని పెట్టేసింది. మంగళవారం రెండింటికి. "ఉన్నాను, పోలేదు." ఊరంతా పచ్చబెట్టినందుకు మెచ్చుకుని తొంభై అయిదు గారు నన్ను అరవై కిలోమీటర్ల అవతలి ఊరికి వేశాడు. ఇక గట్టు మీద కూర్చునే వీలు లేదు. రోజూ ఒంటిగంట నుంచే నా చూపు డాష్‌బోర్డు గడియారం మీదికి పోయేది.

మూడో వారం బుధవారం రెండయింది, మోగలేదు. రెండుంబావు. నేను చేస్తే అందుబాటులో లేరంది. కారు వెనక్కి తిప్పి, దారిలో ఎన్ని లారీల్ని తప్పించానో నాకే తెలీదు. రెండూ నలభైకి ఫోను మోగింది.

"ఉన్నాన్రా," అంది అక్క హుషారుగా.

"ఎక్కడ చచ్చావ్? రెండూ నలభై అయింది!"

"అవునా? నా వాచీ రెండే కదా..." అంటూ ఆగింది. "అదేంటి, నిజమే. మీటరు రాసింది ఒంటిగంటన్నరకి. రాసి వెంటనే పైకొచ్చినట్టుందే నాకు."

"మధ్యలో ఏం చేశావ్?"

"ఏం చేశానూ? ఏమీ చెయ్యలేదురా. పుస్తకం మూశాను, మెట్లెక్కాను. చీర కుచ్చిళ్లకి ఈ నూనె మరక ఎప్పుడంటిందో, మోకాలొకటి మంటపుడుతోంది. సరేలే, ఏదో ఆలోచనలో పడి ఉంటాను. రేపు చేస్తాలే."

పెట్టేసింది. నేను రోడ్డు పక్కన కారు ఆపి లెక్క వేశాను. డెబ్బై నిమిషాలు. ఆ డెబ్బై నిమిషాలూ అక్క ఎక్కడుందో అక్కకే తెలీదు. గడియారానికి తెలిసి ఉంటుంది. అది పంపుతూనే ఉండి ఉంటుంది.

ఒప్పందం లేదు, గిప్పందం లేదు అనుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి, నీటి శాఖ ఆఫీసు తలుపులు తెరిచేసరికి డిప్యూటీ ఇంజనీరు ఎదుట నిలబడ్డాను. ఆ మడతల కాగితం ఎట్టకేలకు రాసి తెచ్చాను. కునుకుతో మొదలుపెట్టి నిన్నటి నూనె మరక దాకా చెప్పాను. అక్క నా మొహం చూడదని తెలుసు. నా ఉద్యోగం పోతుందని తెలుసు. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

డిప్యూటీ ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడు కాడు. బీరువా తెరిచి ఫైలు తీసి బల్ల మీద పరిచాడు. కంపెనీ మ్యాపు తీశాడు, పచ్చ గడి, కింద నా సంతకం. ఆసుపత్రి ఫారం తీశాడు, అలారం పదకొండూ అయిదుకి అందింది, కింద నా సంతకం. వాటి పక్కన నేను ఇప్పుడిచ్చిన కాగితం పెట్టాడు.

"మూడూ మీవే," అన్నాడు. "రెండు ఒక మాట చెబుతున్నాయి, ఒకటి ఇంకో మాట. పోయిన వారం మీ అక్కగారు కూడా వచ్చి వెళ్లారు. 'నాకు మళ్లీ తోడు మనిషిని పెట్టించాలని మా తమ్ముడు ఏదో ఒకటి రాసిస్తాడు, వాడికి నా మీద ప్రేమెక్కువ, పట్టించుకోకండి' అని చెప్పారు. ఇప్పుడు ఏ సంతకాన్ని నమ్మమంటారు?"

నేను మూడో కాగితం మీద వేలు పెట్టాను.

"కంపెనీకి రాస్తాను," అన్నాడు జాలిగా. "మళ్లీ కొలవమని అడుగుతాను. వాళ్ల సంగతి మీకు తెలిసిందేగా, కొంచెం టైం పడుతుంది. అప్పటిదాకా గడి పచ్చగానే ఉన్నట్టు లెక్క."

గోడ గడియారంలో పదీ పది అయింది. అక్క ఉదయం ఆరింటికే మెట్లు దిగింది. మళ్లీ కట్ట మీదికెక్కి ఫోన్ చెయ్యడానికి ఇంకా దాదాపు నాలుగు గంటలుంది.